కాంతివేగం - సత్యశోధకుని ధర్మం

కాంతిని మించిన వేగం సాధ్యమా అన్నది కేవలం భౌతికశాస్త్ర ప్రశ్న కాదు. సెకనుకు సుమారు 3 లక్షల కిలోమీటర్ల ఆ హద్దును ఏ సంకేతమైనా దాటితే, కొందరు పరిశీలకుల దృష్టిలో కారణానికి ముందే కార్యం సంభవించవలసి వస్తుంది. 1905 నాటి ఐన్‌స్టీన్ సాపేక్ష సిద్ధాంతం నుండి తేలే విషయమిది. ఆ క్రమమే తలకిందులైతే కర్తృత్వానికీ, బాధ్యతకూ అర్థం మిగలదు.

అయినా ఆలోచనకు అడ్డుకట్ట పడలేదు. పుట్టుకతోనే కాంతిని మించి పయనించే కణాలు సాపేక్ష సిద్ధాంతానికి విరుద్ధం కానక్కరలేదని 1962లో ఇ.సి.జి. సుదర్శన్, ఆయన సహచరులు ప్రతిపాదించారు. 'టాకియాన్లు' అని తరువాత పేరు పొందిన ఆ కణాలు నేటివరకు కనబడలేదు.

2011 సెప్టెంబరులో ఈ ప్రశ్న నైతిక పరీక్షగా మారింది. జెనీవా సమీపంలోని సెర్న్ నుండి భూమి పొరల గుండా సుమారు 730 కిలోమీటర్లు పయనించిన న్యూట్రినోలు ఇటలీలోని గ్రాన్ సాసో ప్రయోగశాలకు కాంతి కంటే దాదాపు 60 నానోసెకన్లు ముందుగా చేరినట్లు 'ఒపెరా' బృందం లెక్కల్లో తేలింది. నెలల తరబడి వెదకినా పొరపాటు దొరకలేదు. ఫలితాన్ని దాచడమా, విజయంగా చాటడమా? బృందం మూడవ మార్గాన్ని ఎన్నుకున్నది: కొలతను బహిరంగపరచి, పరిశీలించవలసిందిగా ఇతర శాస్త్రజ్ఞులను కోరింది.

2012 ఫిబ్రవరిలో దోషం వారి పరికరాల్లోనే బయటపడింది. ఉపగ్రహ కాలాన్ని అందించే కాంతితంతువు ఒకటి సరిగా బిగిసి లేదు. ఆ సంగతినీ వారే వెల్లడించారు. అదే సంవత్సరం జరిగిన కొత్త కొలతల్లో న్యూట్రినోల వేగం కాంతివేగానికి సరిపోయింది. ఈ లోగా, మార్చిలో, బృందంలోని విభేదాల నడుమ ఇద్దరు నాయకులు తమ బాధ్యతల నుండి తప్పుకున్నారు.

తొందరపడ్డారన్న విమర్శ నిరాధారం కాదు. శాస్త్రజ్ఞుడు సందేహంగా చెప్పినది పత్రికల్లో సంచలనంగా మారుతుంది. కనుక ప్రకటనకు ముందు ఓర్పు కూడా ధర్మమే. కాని అపహాస్యానికి వెరచి కొలతను మరుగుపరిస్తే, దోషం కూడా దానితోపాటే మరుగున పడేది. పొరపాటు వేరు, వంచన వేరు. ఈ రెండింటికీ ఒకే శిక్ష విధించే చోట, అది ప్రయోగశాల అయినా ప్రభుత్వ కార్యాలయమైనా, పై అధికారికి నచ్చిన అంకెలే నివేదికల్లోకి ఎక్కుతాయి. కాంతివేగపు హద్దు నేటికీ చెక్కుచెదరలేదు. దానిని శంకించిన కొలతను నిర్భయంగా పరీక్షకు పెట్టినందువల్ల ఆ హద్దుపై విశ్వాసం మరింత బలపడింది.