పల్లెవెలుగు బస్సు మెట్టు

అవనిగడ్డ దగ్గరి ఓ పల్లెలో ఇద్దరు తోడికోడళ్లు. భర్త పోయాక చిన్నామెను కొడుకు బెజవాడలో, పటమటలోని తన ఫ్లాటుకు తెచ్చుకున్నాడు. కోడలు మంచిది. "ఇన్నాళ్లూ చాకిరీ చేశారు, ఇక కూర్చోండి అత్తయ్యా" అంది. కాఫీ మంచం దగ్గరికే వచ్చేది. బోరింగు కొట్టడం, బిందె మోయడం, కత్తిపీట ముందు కూర్చుని లేవడం అన్నీ పోయాయి. కిందికి దిగాలంటే లిఫ్టు. ఆకలీ తగ్గింది, రాత్రికి రెండిడ్లీలతో సరి. రెండేళ్లు తిరిగేసరికి కుర్చీ చెయ్యి పట్టుకోనిదే లేవలేకపోయింది.

దసరాకి పెద్దామె వచ్చింది. ఆరేళ్లు పెద్దదైనా ఇంద్రకీలాద్రికి మెట్లదారినే ఎక్కింది. చిన్నామె కింద కారులోనే ఉండిపోయింది.

"నువ్వేం మందు వాడుతున్నావక్కా?"

"మందేముందే చెల్లీ! గేదెకు కుడితి నేనే పెడతా, గడ్డిమోపు నేనే దించుతా. పప్పు, పెరుగు మానను."

మర్నాడు పొద్దున చెల్లెల్ని చేతులు ఊతం పెట్టకుండా లేవమంది. లేవలేదు. కుర్చీలో దిండు వేసి ఎత్తు పెంచింది. ఈసారి లేచింది.

"పెద్దత్తయ్యా, పడిపోతారేమో!" అని కోడలు కంగారుపడింది.

"కూర్చోబెడితే పడదనుకున్నావా అమ్మాయీ? కాళ్లలో బలం పోయినవాళ్లే పడేది. నువ్వు పక్కన నిలబడు, పట్టుకోకు."

కోడలు రోజూ అలాగే నిలబడింది. కొన్ని వారాలకు దిండు తీసేశారు. తర్వాత ఒక అంతస్తు మెట్లు, చేతిలో నీళ్ల సీసాలు. సంక్రాంతికి ఊరెళ్తూ, కొడుకు చెయ్యి అందించేలోపే చిన్నామె పల్లెవెలుగు బస్సు ఎత్తు మెట్టు ఎక్కేసింది.

నీతి: ప్రేమతోనే అయినా పెద్దల పనంతా లాగేసుకుంటే వాళ్ల బలాన్నీ లాగేసుకున్నట్టే. మీద పడే బరువును బట్టే ఎముక గట్టిపడుతుంది. భారం తెలియని అంతరిక్షంలో దృఢమైన వ్యోమగాములకే నడుము, తుంటి ఎముకల సాంద్రత నెలకు సుమారు ఒక శాతం తగ్గుతుంది. నెలసరి ఆగిన ఆడవాళ్లలో ఎముక మరీ త్వరగా పలచబడుతుంది. అరవై దాటాక కండ కరిగే వేగమూ పెరుగుతుంది.

పోయిన బలం మళ్లీ వస్తుంది, అదే గొప్ప ఊరట. సగటున 90 ఏళ్ల వయసున్న బలహీనులైన వృద్ధుల చేత బోస్టన్‌లో ఎనిమిది వారాలు కాళ్లతో బరువులు ఎత్తించారు. వాళ్ల కాలి బలం సగటున 174 శాతం పెరిగిందని 1990లో ప్రచురించారు. 65 దాటినవారు వారానికి కనీసం రెండు రోజులు కండబలం పెంచే కసరత్తు, మూడు రోజులు తూలిపడకుండా నిలదొక్కుకునే కసరత్తు చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. తిండీ ముఖ్యమే. మన డెల్టాలో చాలామంది పెద్దలు ఇంత అన్నం, మజ్జిగతో ముగించేస్తారు. పప్పు, గుడ్డు, చేప లాంటివి లేనిదే కండ నిలవదు. ఎముకకు కావాల్సిన కాల్షియం వంద గ్రాముల రాగుల్లో 350 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది.

మీ ఇంట్లో పెద్దవాళ్లుంటే ఈ పూటే పక్కన నిలబడి, చేతులు ఊతం పెట్టకుండా కుర్చీలోంచి లేవమనండి. లేవలేకపోతే వయసు మీద నెట్టేయకండి. డాక్టరుకు చూపించి, తగిన కసరత్తు ఈ వారమే మొదలుపెట్టించండి.