రెండు వేళ్ల వెల

యుద్ధకళను నమ్ముకుని తీసిన సినిమాను తూచడానికి నాకు ఒకే ప్రశ్న చాలు: కొట్టినవాడు ఏం పోగొట్టుకున్నాడు? దెబ్బ తిన్నవాడి సంగతి ప్రతి సినిమా చూపిస్తుంది. ఎగిరి పడతాడు, నెత్తురు కక్కుకుంటాడు, పోతాడు. కొట్టినవాడికి ఏం తగ్గిందో చూపించే సినిమాలు బహు తక్కువ. 1996లో వచ్చిన 'భారతీయుడు' అలాంటిది. 2024 జూలై 12న వచ్చిన 'భారతీయుడు 2' అలాంటిది కాదు. ఈ మాట మీదే మా అల్లుడికీ నాకూ ముసునూరు తోటలో పెద్ద చర్చ నడిచింది. అతను నూజివీడులో బడిపిల్లలకు కరాటే నేర్పుతాడు. తోటలో చిన్నరసాలు కోస్తున్నారు. కోత మీద ఒక కన్ను వేసి ఇద్దరం మాట్లాడుకున్నాం.

అల్లుడు: రెండోది అందరూ తిట్టినంత చెడ్డదేం కాదు మావయ్యా. ఇరవై ఎనిమిదేళ్ల తర్వాత వచ్చిన సినిమాకు మొదటిదాని బిగువు ఎక్కణ్ణుంచి వస్తుంది? మన తోటే చూడండి. ఒక ఏడు విరగకాసిన బంగినపల్లి మరుసటేడు నాలుగు కాయలిచ్చి ఊరుకుంటుంది. అంతమాత్రాన చెట్టును తిట్టం కదా.

నేను: ఊరుకున్న ఏడు చెట్టు సత్తువ కూడదీసుకుంటుంది అల్లుడూ. ఈ సినిమా ఊరుకోలేదు. మొదటిదానికంటే ఎక్కువ కాసి చూపించాలనుకుంది. ఎక్కువ ఊళ్లు, ఎక్కువ మంది దుర్మార్గులు, ఎక్కువ మర్మకళ. తమిళనాడులో మొదలైన కథ తైపే దాకా పోయింది. నూరేళ్లు దాటిన కథానాయకుడు సేనాపతి ఒంటిచక్రం బండి మీద దూసుకుపోయాడు. ఇన్ని కలిపినా మొదటి సినిమాలో ముసలాయన రెండు వేళ్లు మెలివేసి నిలబడితే పుట్టిన భయం మళ్లీ పుట్టలేదు.

అల్లుడు: వయసు మాటకొస్తే...

నేను: వయసు నాకు అడ్డం కాదు. సినిమాలో నూరేళ్లవాడు కొట్టొచ్చు, నూటయాభై ఏళ్లవాడూ కొట్టొచ్చు. ఆ లెక్కలు వదిలేయ్.

అల్లుడు: అయితే అసలు లెక్క అడుగుతాను, కోప్పడకండి. ఇన్నేళ్లుగా పిల్లలకు నేర్పుతున్నాను. రెండు వేళ్లతో పొడిస్తే మనిషి కొయ్యబారిపోవడం నేనెక్కడా చూడలేదు. మొదటి సినిమాలో చూపించిందీ అబద్ధమే, రెండోదాంట్లో చూపించిందీ అబద్ధమే. ఒక అబద్ధానికి దణ్ణం పెట్టి, ఇంకో అబద్ధాన్ని తోసిపారేస్తే ఎలా?

ఇది గట్టి ప్రశ్న. మిగతా ప్రశ్నలన్నీ ఒక ఎత్తు, ఇదొక ఎత్తు. అందుకే దీనికి నేను తీరిగ్గా జవాబు చెప్పాను.

నేను: మర్మకళ అన్నది సినిమావాళ్లు కల్పించింది కాదు. తమిళంలో వర్మకలై అంటారు. కన్యాకుమారి వైపు ఇప్పటికీ దాన్ని నేర్పే ఆసాన్లు ఉన్నారు. ఒంట్లో నూట ఎనిమిది మర్మస్థానాలని వాళ్ల లెక్క. అందులో పన్నెండు పడువర్మాలు, ప్రాణం మీదికి తెచ్చేవి. మిగతా తొంభై ఆరూ తొడువర్మాలు. ఆ ఆసాన్లలో చాలామంది వైద్యులు. విరిగిన ఎముక కడతారు, బెణికిన నరం సరిచేస్తారు. ఎక్కడ తాకితే మనిషి పడిపోతాడో నేర్చినవాడు, ఎక్కడ తాకితే లేస్తాడో కూడా నేర్చి తీరాలి. శిష్యుడి బుద్ధి ఏళ్ల తరబడి గమనించాక గాని గురువు ప్రాణాంతకమైనవి చెప్పడు. అంటే ఈ విద్యలో దెబ్బకన్నా ముందే సంకోచం ఉంది.

అల్లుడు: బాగుంది. కానీ సినిమాలో ఆ వైద్యం ఎక్కడుంది?

నేను: వైద్యం లేకపోవచ్చు, సంకోచం మాత్రం ఉంది. మదురై ఆసాన్ రాజేంద్రన్ దగ్గర కమల్ హాసన్ ఆ సినిమా కోసం ఈ విద్య నేర్చుకున్నాడు. ఆ నేర్చుకోవడం భుజాల్లో కనిపిస్తుంది. ముసలివాడు అడుగు ముందుకు వేయడు, చెయ్యి ఊపడు. వేళ్లు మెలిపడతాయి, ముంజేయి కొద్దిగా తిరుగుతుంది, అంతే. ఎదుటివాడు కొయ్యబారతాడు. కెమెరా అప్పుడు కొట్టినవాడి కళ్లమీద నిలుస్తుంది. ఆ కళ్లలో గెలుపు లేదు. ఒక పని ముగించిన అలసట ఉంది. రెండో సినిమాలో ఒకణ్ణి పొడిస్తే వాడు గుర్రంలా దౌడు తీసి చస్తాడు. హాల్లో జనం నవ్వుతారు. చావు చూసి నవ్వు వచ్చిందంటే ఆ వేళ్లకు బరువు పోయిందన్నమాట. మీట నొక్కితే బొమ్మ ఆడినట్టయింది.

అల్లుడు: మొదటిదానికి జనం ఈలలు వేయలేదా? మా నాన్న చెప్పేవారు, డాక్టర్ని టీవీలో అందరూ చూస్తుండగా చంపినప్పుడు హాలు హోరెత్తిపోయిందని.

నేను: వేశారు. నేనూ ఆ హోరులో ఉన్నాను. ఆ తర్వాత సినిమా ఏం చేసిందో చూడు. కాలిన కూతురికి వైద్యం చెయ్యడానికి డాక్టరు లంచం అడిగాడు. సేనాపతి ఇవ్వనన్నాడు. కూతురు పోయింది. ఆ పట్టుదల సహించలేకే కొడుకు ఇల్లు వదిలిపోయాడు. ఆ కొడుకే లంచం తిని, బ్రేకులు సరిగా లేని స్కూలు బస్సుకు సర్టిఫికెట్ రాసిచ్చాడు. పిల్లలు చచ్చిపోయారు. అప్పుడు తండ్రి వంతు వచ్చింది. పరాయివాళ్లను చంపినప్పుడు ఈలలేసిన మనం, కొడుకును చంపబోతుంటే వద్దు వద్దు అనుకున్నాం. తల్లి ఏడుస్తుంది, ప్రేమించిన పిల్ల ఏడుస్తుంది. అతను ఆగడు. మన ఈలల బాకీ సినిమా అక్కడ వసూలు చేసింది. మొదటి అబద్ధానికి నేను దణ్ణం పెట్టేది అందుకు. దాని వెల కొట్టినవాడే కట్టాడు.

అల్లుడు: అది కథ గొప్పతనం మావయ్యా. యుద్ధకళ గొప్పతనం కాదు కదా.

నేను: నాకు రెండూ ఒకటే.

అతను కాసేపు ఏమీ అనలేదు. మా ఎదుట ఒక కుర్రాడు పొడుగాటి గెడకు కట్టిన చిక్కాన్ని కొమ్మల్లోకి పోనిచ్చి, కాయ గుత్తిని అందులోకి తెచ్చుకుని, మణికట్టు ఒక్కసారి తిప్పాడు. కాయలు తొడిమతో సహా చిక్కంలో పడ్డాయి. తొడిమ ఊడితే సొన చిమ్మి కాయ మీద మచ్చ కడుతుంది, ధర పడిపోతుంది. కుర్రాడి ముంజేతుల మీద పాత సొన కాలిన నల్లటి చారలున్నాయి.

అల్లుడు: ఆ మణికట్టు చూశారా? మా తాతగారి కర్రసాము గుర్తొస్తుంది నాకు. దసరాకి కర్ర పట్టేముందు నేలను తాకి కళ్లకద్దుకునేవారు. కర్ర వీపు వెనక నుంచి ముందుకు వచ్చేటప్పుడు చెయ్యి కదిలినట్టే ఉండేది కాదు. మణికట్టే తిరిగేది. చివరి రోజుల్లో గ్లాసు కూడా సరిగా పట్టుకోలేకపోయారు.

నేను: మీ తాత సంగతి నాకు తెలుసు. మన వైపు కర్రసాము పోయింది గాని, విజయనగరం వైపు సాము గరిడీలు, తాలింఖానాలు ఎంత పేరు మోసినవని! వీరఘట్టంలో పుట్టిన కోడి రామమూర్తి నాయుడు ఆ గడ్డ మీది మనిషే. ఛాతీకి చుట్టిన ఇనుప గొలుసు ఊపిరి బిగించి తెంపేవాడట.

అల్లుడు: తర్వాత కరాటే వచ్చింది. సుమన్, భానుచందర్ సినిమాలు చూసి తెల్లబట్టలు కుట్టించుకున్నవాళ్లలో మా మాస్టారు ఒకరు. ఆయన నాతో ఏడాది పాటు పిడికిలి పట్టించడమే చేయించారు. చూపుడువేలు, మధ్యవేలు కణుపులు మాత్రమే తగలాలి. మిగతావి తగిలితే ఎముక విరుగుతుంది. గడ్డితాడు చుట్టిన పలక మీద గుద్దీ గుద్దీ ఇదిగో, ఇక్కడ చర్మం కాయ కాసింది. ఇప్పుడు తల్లిదండ్రులు చేర్చిన నెలకే అడుగుతున్నారు, బెల్టు ఎప్పుడిస్తారని. టోర్నమెంటు సర్టిఫికెట్ ఉంటే ఎక్కడో పనికొస్తుందట.

నేను: మరి ఇస్తున్నావా?

అల్లుడు: ఇవ్వకపోతే వేరే చోటికి పోతారు. అయినా ఇవ్వడం లేదు. ఈ ఏడు సగం మంది మానేశారు.

మాట ఎటో పోయింది అనుకున్నాను గాని, పోయినచోటు మంచిదే. మళ్లీ సినిమాల దగ్గరికి అతనే తెచ్చాడు.

అల్లుడు: ఇంతకీ మీ ఉద్దేశం ఏమిటి, రెండో భాగాలన్నీ వృథా అనా?

నేను: అలా ఎందుకంటాను? 1978లో 'షావొలిన్ 36వ గది' వచ్చింది. లావ్ కార్‌లియుంగ్ దర్శకుడు, గోర్డాన్ లియు నాయకుడు. ఒక్కో గదిలో ఒక్కో కష్టం పడి విద్య సంపాదిస్తాడు. 1980లో అదే దర్శకుడు, అదే నటుడు 'రిటర్న్ టు ద 36త్ ఛాంబర్' తీశారు. దాంట్లో లియు సన్యాసి కాదు, మోసగాడు. రంగుల అద్దకం కార్మికుల కూలి కోసేస్తుంటే, షావొలిన్ గురువు వేషం వేసి యజమానుల్ని బెదిరించబోయి పట్టుబడతాడు. సిగ్గుపడి షావొలిన్‌కు పోతే అక్కడ విద్య చెప్పరు, మఠం చుట్టూ వెదురు సారవ కట్టమంటారు. బొంగులు మోసి, తాళ్లతో బిగించి, పైనుంచి గదుల్లోకి తొంగిచూస్తూ కాలం గడిపేస్తాడు. ఊరికి తిరిగొచ్చాక గాని తెలియదు, సారవ కట్టిన చేతులే యుద్ధం నేర్చాయని. మొదటిదానిలో విద్యార్థి కట్టిన వెల, రెండోదానిలో కూలివాడు కట్టాడు. వెల మారింది, తగ్గలేదు. జాకీచాన్ 'డ్రంకెన్ మాస్టర్' కూడా అంతే. 1978లో తాగుడు ఆటగా ఉంది. 1994లో వచ్చిన రెండోదానిలో అదే తాగుడు తండ్రి ముందు తలవంపులు తెచ్చింది. ఆఖరి పోరులో నిప్పుల మీద పడి పాకింది జాకీ ఒళ్లే.

అల్లుడు: థాయ్‌లాండ్ వాళ్ల 'ఓంగ్ బాక్'?

నేను: రెండోది వేరే కాలం, వేరే కథ. పేరొక్కటే మిగిలింది. దాన్ని లెక్కలోకి తీసుకోను.

అల్లుడు: సరే, వెల మాటే తీసుకుందాం. 'భారతీయుడు 2' కోసం ఎంత చెల్లించారు! 2020 ఫిబ్రవరిలో సెట్టు మీద క్రేన్ కూలి ముగ్గురు పోయారు. వివేక్, నెడుముడి వేణు 2021లో పోయారు. సినిమా ఏళ్ల తరబడి ఆగిపోయింది.

నేను: ఆ ముగ్గురి చావుకు ఎవరి గుండె అయినా బరువెక్కుతుంది. కానీ తెర వెనక పోయిన ప్రాణాన్ని తెర మీది లెక్కలో జమ వేయకూడదు అల్లుడూ. అది ఆ మనుషులకు అన్యాయం. తెర మీద ఎవరు చెల్లించారో చూడు. సేనాపతి కుర్రాళ్లకు చెప్పాడు, ముందు మీ ఇల్లు శుభ్రం చేసుకోండని. సిద్ధార్థ్ వేసిన కుర్రాడు తన తండ్రినే పట్టించాడు. తల్లి ప్రాణం తీసుకుంది. ముసలాయన ఏం పోగొట్టుకున్నాడు? విద్య ఆయనది, వెల వాళ్లది. మొదటి సినిమా మీద నాకున్న గౌరవమంతా తలకిందులైంది అక్కడే.

అల్లుడు: అందుకే కదా జనం అతన్ని పొమ్మని తరిమారు. ఆ కుర్రాడు నిలదీశాడు కూడా.

నేను: నిలదీశాడు. రెండో సినిమాలో నాకు నచ్చింది అదొక్కటే. ఆ ప్రశ్న దగ్గర ఆగి, ముసలాయన్ని జవాబు చెప్పుకోనిచ్చి ఉంటే మొదటిదానికంటే పెద్ద సినిమా అయ్యేది. ఆగలేదు. వెంటనే ఛేజింగులోకి పోయింది.

అల్లుడు: ఒప్పుకుంటున్నాను మావయ్యా. ఆ సీను చూసినప్పుడు నాకూ గుండె పట్టేసినట్టయింది. కాని బండి వచ్చేసరికి మర్చిపోయాను.

నేను: నువ్వు మర్చిపోవడం కాదు, నీచేత మరిపించారు.

అల్లుడు: మూడోది వస్తే చూస్తారా? రెండోదాని చివర ముక్కలు చూపించారు, సేనాపతి తండ్రి కథ, తెల్లదొరల కాలం.

నేను: మొదటిరోజే చూస్తాను. యుద్ధాలు ఎన్ని పెట్టుకున్నా అడ్డు చెప్పను. సేనాపతి ఆ రెండు వేళ్ల విద్య ఎవరి దగ్గర నేర్చుకున్నాడో, నేర్పేముందు ఆ గురువు అతన్ని ఎన్నేళ్లు గుమ్మం బయట నిలబెట్టాడో ఇరవై నిమిషాలు చూపిస్తే చాలు.

అల్లుడు: ఆ ఇరవై నిమిషాలు ఉంటే, మానకుండా మిగిలిన పిల్లలందర్నీ తీసుకొస్తాను. టికెట్లు నావి.