సాయంత్రం ఐదు గంటల కూలీలు



2023 సెప్టెంబరు 23, శనివారం నాడు తెలంగాణ హైకోర్టు గ్రూప్-1 ప్రాథమిక పరీక్షను రద్దు చేసింది. అది రెండవసారి. 2022 అక్టోబరులో జరిగిన మొదటి పరీక్ష, ప్రశ్నపత్రాలు బయటికి పొక్కినందున ఆ ఏడాది మార్చిలోనే రద్దయింది. మరునాడు సామాన్యకాలపు 25వ ఆదివారం. మన దేవాలయాలన్నిటిలో ఆ రోజు చదివిన సువిశేషం మత్తయి 20వ అధ్యాయంలోని ద్రాక్షతోట కూలీల ఉపమానం. ఎవరో ఏరి పెట్టింది కాదు, పూజా పంచాంగంలో వంతు అలా వచ్చింది. దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్ల నుండి ఆ ఉదయం దివ్యబలిపూజకు వచ్చి కూర్చున్న యువతీయువకులకు ఆ పఠనం ఎలా వినిపించి ఉంటుందో ఆలోచించండి. పొద్దుగూకే వేళ సంతవీధిలో నిలబడి ఉన్నవారిని, ఎందుకు ఊరకే నిలుచున్నారని యజమాని అడిగాడు. తమను ఎవరూ కూలికి పిలవలేదని వారు జవాబు చెప్పారు.

ఈ పిల్లలు ఎక్కడివారో మనకు తెలుసు. నల్గొండ, సూర్యాపేట, ఖమ్మం వైపు నుండి వచ్చే బస్సు ఎల్.బి.నగర్‌లో దిగి, చైతన్యపురిలోనో కొత్తపేటలోనో మలక్‌పేటలోనో గది వెదుక్కుంటారు. ఒక గదిలో నలుగురు. ఒక మంచం, ఒక ట్రంకుపెట్టె, గోడకు వేలాడే జపమాల. డిగ్రీ పట్టా చేతికి వచ్చింది. ఊళ్లో పూజ పెట్టించారు, చుట్టాలకు భోజనం పెట్టారు. అక్కడితో మొదటి మైలురాయి దాటినట్టే. రెండవది ఉద్యోగం, మూడవది పెళ్లి, నాలుగవది ఇల్లు. మనం వేసిన లెక్క ఇది. రెండవ రాయి దగ్గరే బండి ఆగిపోయిన వారి సంగతి ఈ లెక్కలో లేదు.

ఆగిపోవడం ఎంతకాలమో చూడండి. ఆ గ్రూప్-1 మొదటి ప్రకటన 2022 ఏప్రిల్‌లో వచ్చింది, 503 పోస్టులకు. దానిని పక్కన పెట్టి 2024 ఫిబ్రవరిలో 563 పోస్టులకు కొత్త ప్రకటన ఇచ్చారు. ఎంపికైన వారి చేతికి నియామక పత్రాలు 2025 సెప్టెంబరు 27న అందాయి, అదీ కోర్టు వ్యాజ్యాల నడుమనే. ఇరవై రెండేళ్లకు పుస్తకం పట్టినవాడు ఇరవై ఐదు దాటాడు. అందినవారు ఐదారు వందల మంది, రాసినవారు లక్షలు. 2024లో డీఎస్సీ ద్వారా సుమారు పదివేల మంది టీచర్లయ్యారు, వారి ఇళ్లలో కృతజ్ఞతా పూజలు జరిగాయి, సంతోషమే. మిగిలినవారి ఇళ్లలో ఏం జరిగిందో ఎవరూ ప్రకటన చేయరు.

ఉపమానానికి తిరిగి వద్దాం. ఎల్.బి.నగర్ వైపు కాపురమున్న వారికి అడ్డా అంటే ఏమిటో నేను వివరించనక్కరలేదు. తెల్లవారకముందే వచ్చి నిలబడతారు. మేస్త్రీ వచ్చి కండలున్నవాణ్ణి, పరిచయమున్నవాణ్ణి తీసుకుపోతాడు. పది దాటితే మిగిలినవారు టిఫిన్ డబ్బా అలాగే పట్టుకొని ఇంటికి పోతారు. ప్రభువు చెప్పిన కథలో కొందరు ఇంటికి పోలేదు. పొద్దున నుండి సాయంత్రం ఐదింటి దాకా నిలబడే ఉన్నారు. వారు సోమరులని సువిశేషంలో ఎక్కడా లేదు. ఎండలో పనిచేయడం కష్టమే, కాని పని దొరకక ఎండలో నిలబడడం అంతకన్నా కష్టమని నేననుకుంటాను. పని చేసినవాడికి చెమటైనా సాక్ష్యంగా ఉంటుంది.

మరొక సంగతి గమనించండి. ఆ యజమానికి గృహనిర్వాహకుడు ఉన్నాడు, సాయంత్రం కూలి పంచింది అతడే. అయినా మనుషులను పిలవడానికి యజమాని తానే వెళ్లాడు, ఒకసారి కాదు, ఐదుసార్లు. తోటలో పని ఎంత ఉన్నదో కథలో చెప్పలేదు. ఇంకా ఎవరైనా మిగిలిపోయారా అని చూడడానికే అతడు పదేపదే బయలుదేరాడని నాకు తోస్తుంది. ఒక గంట పని చేసినవారికి పూర్తి దీనారం ఇచ్చాడు. దీనారమంటే ఆ రోజుల్లో ఒక దినకూలి, ఇంటిల్లిపాది ఆ పూట అన్నం. పని గంట తగ్గిందని పిల్లల ఆకలి తగ్గదు కదా!

పునీత రెండవ జాన్ పాల్ పోపు గారు 1981 సెప్టెంబరులో మానవశ్రమను గూర్చి రాసిన లేఖలో నిరుద్యోగాన్ని కీడుగానే పేర్కొన్నారు. తగిన చదువు, శిక్షణ పొంది కూడా పని దొరకని యువజనుల బాధను అక్కడ ప్రత్యేకంగా తలచారు. కాబట్టి దీనిని పిల్లల తప్పుగా చూసే అలవాటును శ్రీసభ ఒప్పుకోదు. నలభై ఏళ్లు దాటినా మన ఇళ్లలో ఆ మాట వినిపించినట్టు లేదు. "ఫలానా వాళ్ల అబ్బాయి క్యాంపస్‌లోనే కంపెనీలో చేరాడట, మనవాడు ఇంకా చదువుతూనే ఉన్నాడు" అనే తల్లిదండ్రులు ఎందరు లేరు! ఆడపిల్ల అయితే మరీ కష్టం. ఈ ఏడాది సంబంధం చూస్తాం, పుస్తకాలు మూసెయ్ అని గడువు పెడతారు. పొద్దుటే పని దొరికినవారు సణుగుకున్నట్టు ప్రభువు చెప్పారే, ఆ సణుగుడు మన బంధువుల విందుల్లో వినబడుతున్నది.

యువజనులారా, మీకూ ఒక మాట. సంతలో నిలబడ్డవారు ఫలానా తోటైతేనే వస్తామనలేదు. పిలిచిన తోటకు వెళ్లారు. నాలుగో ప్రయత్నం, ఐదో ప్రయత్నం అని కోచింగ్ ఫీజు కట్టేముందు, ఆ డబ్బు ఇంట్లో ఎవరి చేతి గాజులో అడగండి. గడువు పెట్టుకోండి. ట్యూషన్ చెప్పినా, దుకాణంలో లెక్కలు రాసినా, బైకు మీద భోజనాలు చేరవేసినా నామోషీ లేదు. మన ప్రభువు బోధ మొదలుపెట్టేనాటికి ఆయనకు దాదాపు ముప్పై ఏళ్లని లూకా రాశారు. అప్పటిదాకా నజరేతులో ఆయన వడ్రంగి. ఆయన ఒక్క అద్భుతం చేయకముందే, ఒక్క ప్రసంగం చెప్పకముందే, యోర్దాను నదిలో జ్ఞానస్నానం పొందిన ఘడియలో తండ్రి ఆయనను తన ప్రియ కుమారుడని, ఆయన యందు తాను ఆనందిస్తున్నానని ప్రకటించాడు. ఫలితాలు వచ్చాక చెబుదామని ఆ తండ్రి ఆగలేదు.

విచారణ పెద్దలు పూజ అయిపోయాక గుడి వెనక వరుసల వైపు ఒకసారి చూడండి. కొత్త ముఖం కనిపిస్తే ఏ ఊరు, ఏ విచారణ అని అడిగి, ఆ పూట భోజనానికి ఇంటికి తీసుకుపొండి. ఏం పరీక్ష రాస్తున్నావని మొదటే అడగవద్దు. తల్లిదండ్రులారా, క్రిస్మసుకు రాను, చదువుకోవాలి అని మీ బిడ్డ ఫోనులో చెబితే, అది చదువు కోసమో, చుట్టాల ప్రశ్నలకు భయపడో గొంతును బట్టి మీకు తెలుస్తుంది. రిజల్టు మాట ఎత్తకండి. "ఏం బిడ్డా, తిన్నవా? నువ్వొస్తేనే మాకు పండుగ" అనండి. ఎల్.బి.నగర్ నుండి నల్గొండకు బస్సులకు కొదవలేదు.