అజాగ్రత్త ఎవరిది?

భివండీలో మనవారి బ్రతుకు సాంచాల మీదనే సాగినదని అనుకొందుము గాని, నేసిన గుడ్డ గోదాముకు చేరేదీ, అక్కడనుండి ఊళ్లకు పోయేదీ లారీలు, టెంపోల మీదనే. కనేరిలో సాంచా చప్పుడు ఎరుగనివారు లేరు. ఆ బండ్ల క్రింద పడుకొని రిపేరు చేయువారిని మాత్రము అంతగా తలంచము. ఎవరికైనా చేయి నలిగినదని విన్నప్పుడు మన నోట వచ్చు మొదటి మాట, “చూసుకొని చేయవద్దా?” (ఇంట్లో పిల్లవాడు గాజు గ్లాసుతో వ్రేలు కోసుకొన్నా ముందు తిట్టు, తరువాతనే కట్టు గదా!)

ఆ మాట న్యాయమైనదేనా?

లారీ చక్రమునే తీసుకొందము. పాత రకపు చక్రములలో టైరును డిస్కు మీద పట్టియుంచునది ఒక ఇనుప లాక్ రింగు. అది తుప్పుపట్టినా, వంగినా, గాడిలో సరిగా కూర్చొనకపోయినా, గాలి పట్టుచుండగా ఒక్కసారిగా ఎగిరిపడును. ఎదుట వంగియున్నవాని ముఖమునకే తగులును. అది ఎగిరిన తరువాత జాగ్రత్తపడుటకు వ్యవధి ఎక్కడిది? అమెరికాలో 1980లోనే దీనికి నిబంధన పెట్టిరి: అట్టి చక్రమునకు ఇనుప పంజరములో ఉంచి గాలి పట్టవలెను, పనివాడు ప్రక్కకు నిలుచునంత పొడవైన గొట్టము ఉండవలెను, పని నేర్పుట యజమాని బాధ్యత. జాకీ సంగతియు అంతే. అది బండిని ఎత్తుటకే గాని నిలుపుటకు కాదు, క్రింద స్టాండు ఉండవలసినదే. ఇవన్నియు కొనవలసినది ఎవరు? రోజు కూలికి వచ్చిన కుర్రవాడా?

మన దేశపు 1923 కార్మిక నష్టపరిహార చట్టము ఇందులో మనకన్న దయగలది. త్రాగియుండుట, స్పష్టమైన ఆజ్ఞను కావాలని మీరుట, రక్షణ సాధనమును కావాలని తీసివేయుట, ఇట్టివి ఉంటే తప్ప ఉత్త ఏమరుపాటు పరిహారమునకు అడ్డు కాదు. 2020 సామాజిక భద్రతా స్మృతియు ఈ మాటనే నిలుపుకొన్నది. ఇంకను పూర్వము, ఇల్లు కట్టువాడు మిద్దెకు పిట్టగోడ కట్టవలెనని ధర్మశాస్త్రములో ఉన్నది (ద్వితీ. 22:8). పడినవాడు చూసుకొని నడిచెనా అని అది అడుగదు.

ఇంతకు యజమాని ఒక్కడేనా? మనలో బండ్లున్నవారున్నారు, సరుకు పంపువారు అంతకన్న ఎక్కువ. రాత్రికే నాసిక్ దారి పట్టవలెనని షాపు ముందు నిలిచి తొందరపెట్టుదుము. గాలి పూర్తిగా తీసి, రింగును తుడిచి చూచుటకు పట్టు సమయము అక్కడనే తగ్గును. “పంజరము లేదు సేఠ్, రేపు రండి” అని షాపువాడు అన్నాడనుకోండి. మనలో ఎందరము రేపటిదాకా ఆగుదుము? ప్రక్క షాపుకు పోదుము.