చిత్రిక ఎవరు పట్టాలి?

తెలుగు సాహిత్య విమర్శలో బాగా అరిగిపోయిన మాటల్లో 'చిత్రిక పట్టడం' ఒకటి. కథకుడు జీవితాన్ని చిత్రిక పడతాడు, కవి వాక్యాన్ని చిత్రిక పడతాడు. ఈ మాట రాసేవాళ్ళలో ఎక్కువమంది చిత్రికని చేత్తో పట్టుకుని ఉండరు. చెక్క దిమ్మలో వాలుగా బిగించిన ఇనుప బ్లేడు, అంతే. పలక మీద తోస్తే పైపొర చుట్టలు చుట్టుకుంటూ లేస్తుంది. గరుకు పోయి నునుపు వస్తుందన్నంతవరకే మన పోలిక వెళ్తుంది. ఎంత మందం తీసెయ్యాలి, ఎంత మిగలాలి అన్న అసలు తలనొప్పి అందులోకి రాదు.

నాలుగడుగుల పొడవు, ఎనిమిది అంగుళాల వెడల్పు ఉన్న మేపుల్ పలకని అంగుళం నుంచి ముప్పావు అంగుళానికి, ఈ చివర నుంచి ఆ చివరదాకా ఒకే మందానికి చేత్తో దించాలంటే, నాలాంటి శనివారం వడ్రంగికి ఒక పూట పడుతుంది. మర్నాడు భుజాలు ఆ లెక్క మళ్ళీ చెప్తాయి. అదే పలకని థిక్‌నెస్ ప్లేనర్‌లో ఓ ఎనిమిది సార్లు దూరిస్తే ఐదారు నిమిషాల్లో అయిపోతుంది. బల్లమీద పెట్టుకునే సైజువి దొరుకుతాయి కాబట్టి, ఇక్కడ అమెరికాలో కారు బయట నిలిపి గరాజ్‌ని షాపు చేసుకున్నవాళ్ళందరూ ఎప్పుడో ఒకప్పుడు దీని దగ్గర ఆగుతారు.

ఏది కొనాలన్నది పెద్ద చిక్కు కాదు. పన్నెండున్నర అంగుళాల డీవాల్ట్ 734, పదమూడు అంగుళాల 735, పన్నెండు అంగుళాల మకీటా 2012ఎన్‌బీ. తిప్పి తిప్పి చూస్తే చర్చంతా ఇలాంటి నాలుగైదింటి చుట్టూనే తిరుగుతుంది. కొన్నాక దానికి ఏ పని అప్పజెప్పాలి, ఏది అప్పజెప్పకూడదు అన్నదే నన్ను చాలా రోజులు పట్టుకుంది.

చేతి పనిముట్లు తప్ప ముట్టని స్నేహితుడొకడున్నాడు నాకు. "చెమట పట్టకపోతే అది నీదెలా అవుతుంది మామా?" అన్నాడు. నవ్వి వదిలేసే ప్రశ్న కాదది. అయితే ఆ చెమట గురించి ఒక మాట చెప్పుకోవాలి. యూరప్ వర్క్‌షాపుల్లో గరుకు చెక్కని మందానికి దించే చాకిరీ ఎక్కువగా అప్రెంటిస్ కుర్రాళ్ళదే. మన దగ్గర వడ్రంగి ఇంట్లో అయితే కొడుకో, పనిలో పెట్టుకున్న పిల్లవాడో. 'పాతకాలంలో అన్నీ చేత్తోనే చేసేవాళ్ళు' అని మనం మురిసిపోయేటప్పుడు ఆ చెయ్యి ఎవరిదని అడగం. బీరువాకి వచ్చిన పేరు మేస్త్రీది, కాయలు కాసింది కుర్రాడి అరచేతులు. నా స్నేహితుడి చెమట స్వచ్ఛందం. అలిసిపోతే లోపలికెళ్ళి టీ పెట్టుకుంటాడు. కూలికి చేసేవాడి చెమటనీ దీన్నీ ఒకే గాటన కట్టి, రెండింటికీ కలిపి 'హస్తకళ' అని పేరు పెట్టడం నాకు నచ్చదు.

అలాగని మెషీన్ పుట్టుక పవిత్రమైనదేం కాదు. ఫూకో చదివినవాళ్ళకి జెరెమీ బెంథమ్ పేరు తెలుసు, కనిపించని కాపలావాడున్న ఆ గుండ్రటి జైలు తెలుసు. ఆ ఊహ మొదట తట్టింది అతని తమ్ముడు శామ్యూల్‌కి, రష్యాలో పనిచేస్తున్నప్పుడు. చెక్కని చిత్రిక పట్టే యంత్రానికి 1791లో పేటెంట్ తీసుకున్నదీ ఆ శామ్యూలే. 1793లో ఇంకా విస్తారమైన పేటెంట్ ఇంకొకటి తీసుకున్నాడు. ఆ యంత్రాలని ఖైదీల చేత నడిపించాలని అన్నదమ్ముల ఆలోచన. పని తెలియనివాడు కూడా చెయ్యగలగాలంటే నేర్పు మనిషిలోంచి యంత్రంలోకి మారాలి. నిఘాకి వాడే జైలూ, చెక్క నునుపు చేసే మిషనూ ఒకే ఇంట్లో పుట్టాయన్నది నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

ఇంతకీ ఏ నేర్పు అందులోకి మారింది? ప్లేనర్ ఎలా పనిచేస్తుందో చూస్తే, మనం అనుకునేంత మారలేదనిపిస్తుంది. రెండు రోలర్లు పలకని కింది బల్లకేసి నొక్కి లోపలికి లాక్కుంటాయి. మధ్యలో బ్లేళ్ళు బిగించిన ఇరుసు తిరుగుతూ పైముఖాన్ని కోస్తుంది. అది చూసుకునేది కింది ముఖాన్నే. కింది ముఖం మెలి తిరిగి ఉంటే రోలర్ల ఒత్తిడికి లోపల చదునుగా పడుకుంటుంది, బయటికి రాగానే మళ్ళీ లేస్తుంది. చేతికొచ్చేది అచ్చంగా ఒకే మందం ఉన్న వంకర పలక. సమానమైన మందం వేరు, చదును వేరు. మొదటి ముఖాన్ని చదును చెయ్యడం దీనికి రాదు. దానికి జాయింటర్ అనే ఇంకో మెషీన్ కావాలి, లేదా చిత్రికా కన్నూ కావాలి. పలక రెండు చివర్లా రెండు తిన్నని బద్దలు అడ్డంగా పెట్టి, ఒకదాని అంచు మీంచి రెండోదాని అంచుని ఒంటికన్నుతో చూస్తే మెలిక ఎక్కడుందో తెలిసిపోతుంది. ఎవరో ఒకరు వంగి చూడాలి.

కోడ్ రాసిపెట్టే ఏఐతో రోజూ పనిచేసే నాకు ఇది కొత్త సంగతిలా అనిపించలేదు. మనం ఇచ్చిన తప్పుడు ఊహకి సమాంతరంగా, చాలా నున్నగా, వంద లైన్లు వస్తాయి. నా భయం ఆ లైన్ల గురించి కాదు, వాటిని ఇదివరకు రాసిన జూనియర్ల గురించి. అప్రెంటిస్ కుర్రాడు రోజంతా పలకలు తోస్తూ ఊరికే అలిసిపోలేదు. పీచు ఎటు వాలి ఉందో చిత్రిక చప్పుడుని బట్టి పోల్చుకోవడం, ఎక్కడ లేచిపోతుందో చెయ్యికి ముందే తెలియడం ఆ చాకిరీలోనే నేర్చుకున్నాడు. అతని బడి ఆ చాకిరీయే. మెషీన్ చాకిరీని తీసుకెళ్తూ బడిని కూడా పట్టుకుపోయింది. తన షాపులో ఇద్దరు కుర్రాళ్ళని పెట్టుకున్న యజమాని ప్లేనర్ కొంటే వాళ్ళ భుజాలు బతుకుతాయి, సంతోషమే. మిగిలిన ఆ పూటలో వాళ్ళకి పీచు చూడటం నేర్పుతాడా, ఇంకో నలభై పలకలు దూరించమంటాడా? 'నీదెలా అవుతుంది' అన్న ప్రశ్న కంటే నాకు ఇదే పెద్దదిగా కనిపిస్తుంది.

డేవిడ్ పై అనే బ్రిటిష్ డిజైనర్ 1968లో వచ్చిన తన పుస్తకంలో చేతిపని, యంత్రప్పని అన్న విభజనే పనికిరాదన్నాడు. ఫలితం ముందే ఖాయమైపోయిన పని ఒకటి, చేసేవాడి జాగ్రత్త మీద చివరిదాకా ఆధారపడే పని ఇంకొకటి. నేను గీసుకున్న గీత దాదాపు అక్కడే పడింది. మొదటి ముఖం నేను చేత్తో చదును చేసుకుంటాను, ఎంతసేపైనా సరే. జాయింటర్ కొనను. రెండో ముఖం, మందం, మెషీన్‌వి. ఆఖరి నునుపు మళ్ళీ చిత్రికది. ఎందుకంటే 735కి ఉన్న రెండు వేగాల్లో నెమ్మదిది అంగుళానికి 179 కోతలు వేస్తుందంటారు, నిజమే, కానీ అది 179 సన్నటి అలలన్నమాట. ఏటవాలు వెలుతురులో పెట్టి చూస్తే, వార్నిష్ పడ్డాక మరీనూ, కనబడతాయి. రెండు చివర్లా ఒక్క రోలరే పట్టుకున్నప్పుడు పడే లోతు కోత, స్నైప్ అంటారు, దానికోసం ప్రతి పలకనీ నాలుగైదు అంగుళాలు ఎక్కువ పొడవుంచి తర్వాత కోసేస్తే సరి.

తిన్నటి బ్లేళ్ళా, హెలికల్ కటర్‌హెడ్డా అన్నది తేలడానికి ఎక్కువ టైమ్ పట్టింది. హెలికల్‌లో పొడుగు బ్లేళ్ళ బదులు చిన్న చిన్న కార్బైడ్ బిళ్ళలు వరసగా మెలి తిరిగి ఉంటాయి. పీచు అడ్డదిడ్డంగా ఉన్న చెక్కని కూడా పెద్దగా చీల్చకుండా కోస్తుంది. అందుకే స్నేహితుడు దాన్ని ఒప్పుకోడు, పీచు చూసే అవసరమే పోతుందంటాడు. నేను మొదటి ముఖం దగ్గరే చూస్తున్నాను కదా. విడిగా కొని బిగించుకోవాలి, మెషీన్ ధరలో సగానికి పైనే. పిసినారితనం కొన్నాళ్ళు ఆపింది.

ఒప్పించింది చప్పుడు. ఈ చిన్న ప్లేనర్లు 90 డెసిబెల్స్ దాటి అరుస్తాయి. నా చెవులకి మఫ్‌లు పెట్టుకుంటాను, పక్కింటివాళ్ళు పెట్టుకోరు. దుమ్ము కూడా అంతే. కలప పొడిని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధనా సంస్థ మనుషుల్లో క్యాన్సర్ కలిగించేవాటి మొదటి జాబితాలో పెట్టింది. కాబట్టి పొట్టు లాగే గొట్టం, మాస్కు తప్పవు. కొన్నదాని చుట్టూ కొనాల్సినవి ఎన్నో. ఏది స్వచ్ఛమైన పని అని మేమిద్దరం గంటలకొద్దీ వాదించుకున్నాం గానీ, ఆ వాదనలో పక్కింటివాళ్ళ చెవులు ఒక్కసారీ రాలేదు. హెలికల్ హెడ్ గోల తగ్గిస్తుంది, పూర్తిగా కాదు. అది బిగించాను. ఆదివారాలు మెషీన్ ఆన్ చెయ్యను. ఆ రోజు మొదటి ముఖాలు.