సమ్మతియు సాక్ష్యమును

ఒక తండ్రి తన కూతునొకని కిచ్చి పెండ్లి చేసెదనని ప్రమాణము చేసెను. ఆ పిల్ల యొప్పుకొనలేదు. పిమ్మట తండ్రి యామెను మఱియొకని కిచ్చెను. మొదటివాడు వచ్చి, ఆమె తనకు రావలసినదని తగవు పెట్టెను. ఇది మన పల్లెలలోని తగవు గాదు. క్రీ. శ. 1140 ప్రాంతమున ఇటలీ దేశములోని బొలోనా పట్టణమున గ్రేషియనను పండితుడు విచారణకై కల్పించిన సమస్యలలో నొకటి.

అప్పటికే కతోలిక శ్రీసభలో మహాసభల నిర్ణయములును, పోపుల జాబులును, పూర్వాచార్యుల వచనములును వందల యేండ్లుగా కుప్పలు పడియుండెను. ఒకదానితో నొకటి పొసగవు. గ్రేషియను వానినుండి రమారమి 4,000 వచనముల నేఱి, పరస్పర విరుద్ధములకు పొందిక కుదుర్చు గ్రంథమును గూర్చెను. స్మృతులు తమలో తాము కలహించినపుడు మన మీమాంసకులు పడిన పాట్లెఱిగినవారి కీ పని క్రొత్తగా దోపదు. పై సమస్యకాత డిచ్చిన యుత్తరము మాత్రము గమనింపదగినది: తన స్వేచ్ఛచే సమ్మతింపని స్త్రీ నెవ్వనితోను జతగూర్పరాదు. తండ్రి చేసిన ప్రమాణము తండ్రిదే గాని కూతుది కాదు.

మఱి సమ్మతి యొక్కటియే చాలునా? సమ్మతితో వివాహ మారంభమై దాంపత్యముతో పూర్ణమగునని గ్రేషియను మతము. "నిన్ను భార్యగా గైకొనుచున్నాను" అని వర్తమానార్థమున బలికిన మాటయే చాలునని పారిసు పండితుల మతము. 1159 మొదలు 1181 వఱకు పోపుగా నుండిన మూడవ అలెగ్జాండరు, కొన్ని మినహాయింపులతో, ఈ రెండవదానినే నిలిపెను. గురువు లేకున్నను, తలిదండ్రు లెఱుగకున్నను, సాక్షులు లేకున్నను పెండ్లి పెండ్లియే. మన మనువు గాంధర్వమును ఎనిమిది వివాహములలో నొకటిగా లెక్కించెను. ఇచ్చటనన్ననో సమ్మతి లేనిది వివాహమే కాదు.

ఎంత యుదారమైన మాట! కాని దాని వెంటనే చిక్కును వచ్చెను. ఒకడు చాటున నొకతెకు మాట యిచ్చెను. పిదప మఱియొకతెను పదుగురి యెదుట బెండ్లాడెను. శాస్త్రము ననుసరించి మొదటిదే భార్య. ఐనను ఆ మాటకు సాక్షి లేడు. కావున న్యాయస్థానము రెండవదానితో గాపురము చేయుమనును. చేయకున్న సంఘ బహిష్కారము. చేసినచో తన యంతరాత్మ యెదుట వ్యభిచారము. తన వివాహము చెల్లదని నిశ్చయముగ నెఱిగియు నిరూపింపలేనివాని విషయమున పోపు మూడవ ఇన్నొసెంటు, అట్టివాడు పాపము చేయుటకంటె బహిష్కారమును వినయముతో భరించుటయే మేలని చెప్పెను. తన తీర్పు సత్యమునకు దూరము కావచ్చునని తానే యొప్పుకొను న్యాయస్థాన మరుదు. ఆ వినయమునకు మేము నమస్కరింతుము. కాని యాతని యాత్మను గూర్చి యింత చింతించిన పండితులు, నమ్మి మోసపోయిన యా మొదటి స్త్రీ గతి యేమని యంతగా జింతించినట్లు మాకు గానరాదు. ఆమెకు భర్తయు లేడు, తీర్పును లేదు.

1215లో లాటెరను మహాసభ రహస్య వివాహములను నిషేధించి, పెండ్లిని ముందుగా చాటవలెనని విధించెను. నిషేధించెనే గాని చెల్లవని చెప్పలేదు. చాటుమాటు పెండ్లిండ్లు సాగుచునే యుండెను. తుదకు 1563లో ట్రెంటు మహాసభ, విచారణ గురువును ఇద్దఱు సాక్షులును లేని వివాహము చెల్లదని శాసించెను. ఆ శాసనము ప్రకటింపబడిన చోటులనే అమలు జరుగవలెనన్న నియమ ముండుటచే, అది లోకమంతట వ్యాపించుటకు 1908 వఱకు పట్టినది.

ఆ సభలో ఫ్రెంచివారు మఱియొకటి గోరిరి: తలిదండ్రుల యనుమతి లేని పెండ్లి చెల్లరాదని. వారి రాజు 1556లోనే, అట్లు పెండ్లాడిన బిడ్డల వారసత్వమును త్రోసివేయుటకు శాసనము చేసియుండెను. సభవారట్టి పెండ్లిండ్లను మెచ్చకున్నను ఈ కోరికకు సమ్మతింపరైరి. మా మట్టుకు మాకు ట్రెంటు సభ చేసిన పనులలో ఈ నిరాకరణమే మిక్కిలి దొడ్డదిగా దోచుచున్నది. సాక్షి చూచువాడు, అతడు వచ్చినంతమాత్రమున పిల్ల స్వాతంత్ర్య మేమియు దఱుగదు, పైగా మోసమునుండి రక్షణ గలుగును. తండ్రి యనుమతియో, అది లేక పెండ్లియే లేదన్నచో, గ్రేషియను తీసివేసిన పగ్గమును మరల దెచ్చి కట్టుటయే.

వయస్సు మాటలో మాత్ర మీ శాస్త్రమును మేము సమర్థింపజాలము. మధ్యయుగములలో పిల్లకు 12, పిల్లవానికి 14 యేండ్లు చాలుననిరి. 1917 నాటి ధర్మసంహిత వానిని 14, 16గా జేసెను. 1983 నాటి సంహితలోను అంతే. సమ్మతియే ప్రాణమని చాటినవారు పండ్రెండేండ్ల పిల్ల సమ్మతిని సమ్మతి యనుకొనుట యెట్లు?

ఇక సాక్షుల యెదుట పిల్ల "ఔను" అన్నది. ఆ మాట యామెదేనా? ధీరుని సైతము చలింపజేయు భయముచే బలికిన సమ్మతి చెల్లదని యీ శాస్త్రము తొలినుండియు జెప్పుచున్నది. అయితే మన యిండ్లలో తలవంచుకొని యూకొట్టు పిల్లను బెదరించినవారెవ్వరు? ఆమె వెఱచునది దెబ్బలకు గాదు, తండ్రి మొగము చిన్నబోవుటకు. దీనికిని వారు గౌరవభయమని పేరు పెట్టి చర్చించిరి. పెద్దలపై నుండు వట్టి జంకు వివాహమును జెఱుపదనియు, దానికి దెబ్బలో, బెదరింపులో, తీఱని యాగ్రహమో తోడైనచో జెఱుపుననియు నిర్ణయించిరి. 1983 సంహిత మఱియొక యడుగు వేసి, భయపెట్టవలెనను సంకల్ప మెవ్వరికి లేకున్నను, పెండ్లి తప్ప తప్పించుకొను దారి లేనంత ఘోరభయము కలిగినయెడల ఆ పెండ్లి చెల్లదనెను. తండ్రి చేయెత్తలేదు, అన్నము మాని మంచమెక్కెను. అది ఘోరభయమగునా కాదా? ఇట్టి ప్రశ్నలకు ఆ సభా న్యాయాధిపతులు నేటికిని ఒక్కొక్క వ్యాజ్యెమున ఆ పిల్ల నడిగి, ఆ యింటివారి నడిగి, వేఱువేఱుగనే తీర్పు చెప్పుచున్నారు.