ముందు కొలత, తర్వాతే పేరు

తల్లీ,

బైపీసీలో చేరినావని మీ నాయన చెప్పినాడు. చాలా సంతోషం. మన డోన్ పిల్లలు మొదటిసారి మైక్రోస్కోపు ముందు కూర్చున్నప్పుడు ఏం చేస్తారో నాకు బాగా తెలుసు. లోపల ఏదో ఒకటి కనబడగానే "కనబడింది సార్!" అని లేచి నిలబడతారు. ఆ సంబరాన్ని ఎప్పటికీ పోగొట్టుకోవద్దు. కాకపోతే లేచే ముందు ఇంకొక్క ప్రశ్న వేసుకో: అది ఎంత ఉంది?

ఆ ప్రశ్నకున్న బలమేమిటో తెలియాలంటే రాస్ సంగతి వినాలి. కర్నూలు, గద్వాల మీదుగా మన రైళ్లు పోయే వైపే, సికింద్రాబాదు బేగంపేటలో, 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ అనే సైనిక వైద్యుడు దోమ పొట్ట కోసి చూస్తున్నాడు. నాలుగు రోజుల ముందు హుస్సేన్ ఖాన్ అనే మలేరియా రోగిని కుట్టిన దోమ అది. చెమటకు మైక్రోస్కోపు మరలు తుప్పు పట్టినాయి. ఐపీస్ చిట్లింది. కోసిపెట్టిన దోమలు గాలికి ఎగిరిపోతాయని ఆ ఉక్కలో పంకా కూడా వద్దనుకున్నాడు. అప్పుడు జీర్ణాశయం గోడలో గుండ్రటి కణం ఒకటి కంటబడింది. అడ్డంగా దాదాపు 12 మైక్రాన్లు. దోమ జీర్ణాశయంలో మామూలు కణం ఇంత చిన్నగా ఉండదే అని ఆయనకు తట్టింది. ఇంకా పరీక్షగా చూస్తే, మలేరియా పరాన్నజీవిలో ఉండే నల్లటి రేణువులే అందులోనూ ఉన్నాయి. మరునాడు మిగిలిన దోమను కోస్తే ఆ కణాలు ఇంకా పెద్దవిగా కనబడినాయి. అంటే దోమలో అవి పెరుగుతున్నాయి! 1902లో ఆయనకు నోబెల్ బహుమతి తెచ్చింది ఈ దారే. కొలత పట్టని మనిషికి అదే కణం దోమ కణాల్లో ఇంకొకటిగా కనబడి ఉండేది.

నువ్వు కర్నూలు ఉల్లిగడ్డతో మొదలుపెట్టు. రేకు లోపలివైపు పలచటి పొరను నీటిచుక్కలో పరిచి, సాఫ్రనిన్ రంగు వేసి, కవర్‌స్లిప్పును ఏటవాలుగా ఆనించి మెల్లగా దించు. ఒక్కసారిగా వదిలితే గాలిబుడగలు చేరతాయి. నల్లటి అంచున్న గుండ్రటి బుడగను కణమని బొమ్మ గీసే పిల్లలు ప్రతి ఏడూ ఉంటారు. మన ఎండాకాలంలో స్లైడు చూస్తుండగానే ఆరిపోతుంది, అందుకని కవర్‌స్లిప్పు అంచున మధ్యమధ్య ఒక్కొక్క చుక్క నీళ్లు వదులుతూ ఉండు.

ఎప్పుడూ చిన్న లెన్సుతోనే మొదలుపెట్టు. పక్కనుంచి చూస్తూ లెన్సును స్లైడు దగ్గరికి తెచ్చి, ఆ తర్వాతే కన్ను ఆనించి దూరం జరుపుతూ ఫోకస్ చెయ్యి. పెద్ద లెన్సు పెట్టినాక పెద్ద మర జోలికి పోవద్దు, సన్న మర ఒక్కటే తిప్పు. అద్దమున్న మైక్రోస్కోపయితే దాన్ని ఆకాశం వెలుగుకు తిప్పుకో. సూర్యుడి వైపు మాత్రం ఎన్నడూ తిప్పవద్దు తల్లీ, కన్ను పోతుంది. ఇంకొకటి, మన ఊరి గాలిలో దుమ్ము ఎప్పుడూ ఉంటుంది. దుమ్ము పడిన లెన్సును చున్నీతో తుడిస్తే గీతలు పడి శాశ్వతంగా పాడవుతుంది. ముందు రబ్బరు బల్బుతో గాలి కొట్టి దుమ్ము పోగొట్టు, తర్వాత లెన్సు కాగితంతో అద్దు.

ఇక కొలత. పారదర్శకంగా ఉన్న ప్లాస్టిక్ స్కేలును 10 రెట్ల ఆబ్జెక్టివ్ కింద పెట్టి, కనబడే వలయం ఈ అంచు నుంచి ఆ అంచుకు ఎంతుందో చూడు. 1.8 మిల్లీమీటర్లు వచ్చిందనుకో, అంటే 1800 మైక్రాన్లు. అందులో ఉల్లిపొర కణాలు పొడుగునా ఆరు పట్టినాయంటే ఒక్కోటి సుమారు 300 మైక్రాన్లు. 45 రెట్ల ఆబ్జెక్టివ్‌కు మార్చితే వలయం నాలుగున్నర రెట్లు కుంచించుకుపోయి 400 మైక్రాన్లే మిగులుతుంది. ఈ రెండు వలయాల అంకెలను రికార్డు పుస్తకం మొదటి పేజీలో రాసిపెట్టుకో. ఇంకో మైక్రోస్కోపు ముందు కూర్చుంటే మళ్లీ కొలవాల్సిందే, ఒకదాని అంకె ఇంకొకదానికి పనికిరాదు. ఒక్క కణాన్ని కొలిచి ఊరుకోవద్దు. కనీసం పదింటిని కొలిచి, అన్నిటికంటే చిన్నది, పెద్దది, సగటు మూడూ రాయి. ప్రాణమున్నవాటిలో తేడాలుంటాయి, వాటిని దాచవద్దు.

ఇది చేతికి వచ్చినాక బుడ్డల (వేరుశనగ) చేనికి పో. ఆకు మీద రంగులేని గోళ్ల పాలిష్ పలచగా పూసి, ఆరినాక టేపుతో లేపి స్లైడుకు అంటించు. పత్రరంధ్రాల అచ్చు దిగుతుంది. 400 మైక్రాన్ల వలయం వైశాల్యం 0.126 చదరపు మిల్లీమీటర్లు. అందులో 20 రంధ్రాలు లెక్కకొస్తే చదరపు మిల్లీమీటరుకు సుమారు 160 ఉన్నట్టు. ఆకు పైవైపు, కిందివైపు విడివిడిగా లెక్కపెట్టు. నీరు కట్టిన మడిలో ఆకు, వానమీద ఆధారపడిన చేనులో ఆకు పక్కపక్కన పెట్టి చూడు. వానకు ఎదురుచూసే మన నేలలో ఇంతకంటే పనికొచ్చే ప్రాక్టికల్ నాకు తోచడంలేదు.

బొమ్మ కింద "450 రెట్లు" అని రాసి వదిలేసే అలవాటు చేసుకోకు. బొమ్మ పక్కన చిన్న గీత గీసి అది ఎన్ని మైక్రాన్లో రాయి. పది మైక్రాన్ల అచ్చు గీతలున్న స్టేజ్ మైక్రోమీటరు మీ ల్యాబులో లేకపోతే ఆదివారం పూట మా ఇంటికి రా, నా దగ్గరుంది. రికార్డు పుస్తకం కూడా తెచ్చుకో.